గుంటూరు ఎండల్లో పాల పుట్టగొడుగులు: పది సంచులతో ఇంట్లో ఎలా పెంచాలి

మార్చి వచ్చిందంటే చాలు, "వేసవిలో పుట్టగొడుగులు వస్తాయా అండీ?" అని అడగడం మొదలుపెడతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేసరికి సగం మర్చిపోతున్నాను, అందుకే అంతా ఒకచోట రాస్తున్నా.

వస్తాయి. కాకపోతే మీరు అనుకునే రకం కాదు. సూపర్ మార్కెట్లో డబ్బాల్లో దొరికే బటన్ రకం కాపుకి రావాలంటే 14 నుంచి 18 డిగ్రీల చల్లదనం ఉండాలి, ఏసీ గది లేకుండా మన దగ్గర అది అయ్యే పని కాదు. చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగులు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగానే వస్తాయి కానీ ఉగాది దాటాక మొండికేస్తాయి. మార్చి నుంచి అక్టోబరు దాకా గుంటూరు, విజయవాడల్లో నమ్ముకోదగ్గది పాల పుట్టగొడుగు. బెంగాల్ వైపు పుట్టిన జాతి ఇది, 30 నుంచి 35 డిగ్రీలు దీనికి హాయి. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో ఎ.పి.కె.2 అనే రకాన్ని విడుదల చేసింది, మీకు దొరికే విత్తనం చాలావరకు అదే అయి ఉంటుంది.

30-35 డిగ్రీలు హాయి అన్నానని రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద పెట్టకండి. నేను మొదటి ఏడాది చేసింది అదే. పన్నెండు సంచులు, లోపలి గడ్డి నిండా పుట్టగొడుగు వేళ్ళలాంటి తెల్లటి బూజు అల్లుకుని, ముద్దొచ్చేలా ఉన్నాయి, నాలుగు రోజులు వడగాలి కొట్టేసరికి లోపల పసుపు రంగు నీరు దిగి, పుల్లటి వాసనతో పోయాయి. 38 దాటితే దీనికీ కష్టమే. పైగా ఆ బూజు గడ్డిలో పాకే రోజుల్లో సంచి లోపలి వేడి గదిలో వేడి కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది, ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు. తాటాకు పాక, డాబా ఇంట్లో కింది గది, మెట్ల కింద చోటు, ఏదైనా పర్లేదు, రేకులు మాత్రం వద్దు. పడకగది అసలే వద్దు, గొడుగులు విచ్చుకున్నప్పుడు గాల్లోకి వదిలే పొడి కొందరికి దగ్గు, ఆయాసం తెప్పిస్తుంది.

ఏమేం కావాలి (పది సంచులకు)

- ఎండు వరిగడ్డి 7 కిలోలు. ఆ ఏడాది గడ్డే, బంగారు రంగులో ఉండాలి.
- పాల పుట్టగొడుగుల విత్తనం (స్పాన్, అంటే జొన్న గింజల మీద పెంచిన పుట్టగొడుగు బూజు) 1 కిలో
- 12 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవున్న పాలిథీన్ సంచులు 10, రబ్బరు బ్యాండ్లు
- పెద్ద గుండిగ, కట్టెల పొయ్యి, గడ్డి ముంచడానికి రెండు గోనెసంచులు
- పైన కప్పడానికి మట్టి, ఇసుక కలిపి 8 కిలోలు, కొంచెం సుద్దపొడి
- చేతి స్ప్రేయరు, డెటాల్ లేదా స్పిరిట్, శుభ్రమైన టార్పాలిన్
- గదిలో వేడి, తేమ రెండూ చూపించే చిన్న మీటరు. ఇది లేకుండా కూడా చేయొచ్చు, కానీ అప్పుడు గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

గడ్డి గురించి ఒక మాట. నవంబరు, డిసెంబరు తుపాన్లకు పనల మీద తడిసి నల్లబడ్డ గడ్డి డెల్టాలో చవగ్గా దొరుకుతుంది, ఊరికే ఇస్తామన్నా తెచ్చుకోకండి. దాంట్లో మీకంటే ముందే వేరే బూజులు కాపురం పెట్టేసి ఉంటాయి. మిషన్ కోత గడ్డి వాడొచ్చు, దుమ్ము బాగా దులపాలి. కోతకు ముందు మందు కొట్టిన చేలో గడ్డి అయితే వద్దు, కాబట్టి తెలిసిన రైతు దగ్గరే తీసుకోండి.

విత్తనం ఎక్కడ దొరుకుతుందని అడుగుతుంటారు. మీకు దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి ఫోన్ చేయండి. గుంటూరు వాళ్ళయితే లాంలో ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనూ కనుక్కోండి. ఎవరి దగ్గర కొన్నా ఒకటే పరీక్ష: జొన్న గింజలన్నీ తెల్లటి నూలు కప్పుకున్నట్టు ఉండాలి. ఆకుపచ్చ, నలుపు, గులాబీ చుక్క ఒక్కటి కనిపించినా, పుల్లటి వాసన వచ్చినా తిరిగి ఇచ్చేయండి. నెల దాటిన ప్యాకెట్టు కొనొద్దు. నాకు ఒకసారి కొరియర్‌లో ఐదు రోజులు ఎండలో తిరిగి వచ్చిన ప్యాకెట్లు అంటగట్టారు, పైకి బాగానే ఉన్నాయి కదా అని వాడాను, పది సంచుల్లో రెండే అల్లుకున్నాయి. ఇంటికి తెచ్చిన విత్తనాన్ని ఫ్రిజ్‌లో దాచకుండా నీడలో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి.

ఎలా చేయాలి

1. గడ్డి నరికి నానబెట్టండి. రెండంగుళాల లోపు ముక్కలు చేయండి. పొడుగ్గా ఉంటే సంచిలో సందులు మిగిలి, వాటిలో గాలి, నీరు చేరతాయి. గోనెసంచిలో నింపి, మూతి కట్టి, పైన బండ పెట్టి ఎనిమిది గంటలు మంచి నీళ్ళలో ముంచండి. రాత్రి వేస్తే పొద్దునకి సరిపోతుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే పేటల్లో తాగే నీళ్ళే వాడండి.

2. వేడినీళ్ళలో ఉడికించండి. నానిన గడ్డిని గంటసేపు కాగే నీళ్ళలో ఉంచాలి, నీటి వేడి 80 డిగ్రీలకు తగ్గకూడదు. గుండిగలో ఒకేసారి పట్టదు, రెండు మూడు విడతలుగా చేసుకోండి. చాలామంది మరిగే నీళ్ళు పైన పోసి మూత పెట్టేసి అయిపోయిందనుకుంటారు, పది నిమిషాల్లో అది గోరువెచ్చగా అయిపోతుంది. అడుగున మంట ఉండాల్సిందే. ఫార్మలిన్, బావిస్టిన్ లాంటి బూజు చంపే మందులు కలిపిన నీళ్ళలో నానబెట్టే పద్ధతి ఉంది, పెద్ద ఎత్తున చేసేవాళ్ళు వాడతారు. ఇంట్లో పిల్లలు తిరిగే చోట, మనమే తినబోయే దానికి, పది సంచుల కోసం ఆ ఘాటు అవసరం లేదని నా అభిప్రాయం.

3. ఆరబెట్టండి. పుట్టగొడుగులు పోయాయని నాకు ఫొటోలు పంపేవాళ్ళలో ఎక్కువమంది దెబ్బతిన్నది ఈ మెట్టు దగ్గరే, అందుకే కొంచెం సాగదీసి చెప్తాను. డెటాల్ నీళ్ళతో తుడిచిన టార్పాలిన్ మీద, నీడలో, పలచగా పరవండి. అరగంటకోసారి తిరగేయండి. గుప్పెడు తీసుకుని గట్టిగా పిండండి. చుక్క రాలితే ఇంకా తడి ఎక్కువ. చుక్క రాలకుండా అరచెయ్యి మాత్రం చెమ్మగా అయితే సరిపోయింది. అరచెయ్యి పొడిగా ఉంటే ఎక్కువ ఆరిపోయింది, కాచి చల్లార్చిన నీళ్ళు కొంచెం చిలకరించండి. చేతి లెక్క మీద నమ్మకం లేకపోతే తూకం వేయండి: 7 కిలోల ఎండు గడ్డి ఇప్పుడు 20 కిలోల దగ్గర తూగాలి. 25 తూగుతుంటే ఆరలేదన్నమాట. మే నెలలో మన గాలికి గంటన్నరలో ఆరిపోతుంది, ఆగస్టు ముసురులో సాయంత్రం దాకా పట్టొచ్చు. ఎంత ఆలస్యమైనా ఆ రోజే నింపేయాలి. రేపు చూద్దాంలే అని రాత్రంతా వదిలేస్తే ఉడికించిన పనంతా వృథా.

4. సంచులు నింపండి. గడ్డి పూర్తిగా చల్లారాలి, లోపల చెయ్యి పెడితే వెచ్చదనం తగలకూడదు. ఫ్యాన్ ఆపేయండి, కిటికీలు మూయండి, చేతులకు స్పిరిట్ రాసుకోండి. అడుగున రెండంగుళాల మందాన గడ్డి, దాని మీద అంచుల వెంబడి విత్తనం, మళ్ళీ గడ్డి, ఇలా నాలుగైదు వరసలు వేయండి. సంచికి 2 కిలోల తడి గడ్డి, 100 గ్రాముల విత్తనం పడుతుంది. ప్రతి వరసనూ అరచేత్తో అదమండి, చివరి వరస మీద విత్తనం కాస్త ఎక్కువ చల్లండి. మూతి కట్టి, కాల్చిన దబ్బనంతో చుట్టూ పది పన్నెండు చిల్లులు పొడవండి. సంచి మీద తేదీ రాయడం మర్చిపోకండి, తర్వాత ఏ సంచి ఎప్పటిదో గుర్తుండదు.

5. చీకట్లో పెట్టండి. పదిహేను నుంచి ఇరవై రోజులు. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, సంచికీ సంచికీ మధ్య బెత్తెడు ఎడం వదలండి, లేకపోతే వాటి వేడికి అవే మగ్గిపోతాయి. నాలుగైదు రోజులకు గింజల చుట్టూ తెల్లటి పొగలా కనిపించాలి. వారమైనా ఏ కదలికా లేదంటే విత్తనమన్నా చచ్చింది, గడ్డి వేడిగా ఉన్నప్పుడన్నా వేశారు. రోజూ టార్చిలైటు వేసి చూడండి, మూతి విప్పి మాత్రం చూడకండి, ఎంత ఆత్రంగా ఉన్నా సరే.

ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే అది వేరే బూజు. ఆ సంచిని అలాగే మూతి విప్పకుండా బయటికి తీసుకెళ్ళి దూరంగా గొయ్యి తీసి పూడ్చండి. మచ్చ దగ్గర కోసి పారేసి మిగతాది కాపాడుకుందామని గదిలోనే విప్పితే ఆ పొడి మిగతా తొమ్మిదింటికీ అంటుకుంటుంది. సన్నటి కాడతో బూడిదరంగు గొడుగులు లేచి ఒక్కరోజులో నల్లటి సిరాలా కారిపోతుంటే గడ్డిలో నీళ్ళు ఎక్కువయ్యాయి, లేదా ఉడకడం చాల్లేదు. అవి మీ పుట్టగొడుగులు కావు, కుక్కగొడుగులు. పీకి పారేయండి. మీరు విత్తిన రకంలా తెల్లగా, దిట్టంగా లేనిది ఏదైనా సరే వంటింట్లోకి రానివ్వొద్దు.

6. మట్టి తయారు చేసుకోండి. చిప్ప పుట్టగొడుగులు పెంచి వచ్చినవాళ్ళు ఈ మెట్టు వదిలేస్తారు, తర్వాత "గడ్డి తెల్లగా అయింది కానీ గొడుగులు రావట్లేదు" అంటారు. పాల పుట్టగొడుగుకు పైన మట్టి కప్పాల్సిందే. మూడు పాళ్ళు తోట మట్టి, ఒక పాలు ఇసుక జల్లించి కలపండి. మన నల్లరేగడి ఒక్కటే వేస్తే తడికి బంకలా సాగుతుంది, ఆరితే పగుళ్ళిస్తుంది. అదొక్కటే దొరికితే ఇసుక సగానికి పెంచండి. కిలో మట్టికి 20 గ్రాముల సుద్దపొడి కలపండి. పీహెచ్ కాగితంతో చూస్తే 7.5 నుంచి 8 మధ్య రావాలి. తర్వాత మట్టిని తడిపి, గుడ్డలో మూటగట్టి, ఇడ్లీలు ఉడికించినట్టు గంటసేపు ఆవిరి పట్టించండి. ఓపిక లేనివాళ్ళు తడి మట్టిని పారదర్శక పాలిథీన్ కవరులో పలచగా పరిచి వారం పది రోజులు మే ఎండలో పెడతారు. ఆవిరంత నమ్మకం కాదు గానీ ఏమీ చేయకపోవడం కంటే నయం.

7. మట్టి కప్పండి. సంచి అడుగు దాకా తెల్లబడిందని నిర్ధారించుకున్నాకే మూతి విప్పండి. గోధుమరంగు మచ్చలు ఇంకా మిగిలి ఉంటే రెండు మూడు రోజులు ఆగండి, తొందరపడితే ఆ ఖాళీల్లోకి పచ్చ బూజు దూరుతుంది. పాలిథీన్‌ను కిందికి మడిచి గడ్డి పైన రెండంగుళాల గట్టు మిగిలేలా ఉంచండి. చల్లారిన మట్టిని రెండు సెంటీమీటర్లు, అంటే బొటనవేలి గోరుకి కొంచెం ఎక్కువ మందాన, అంతా సమానంగా వేయండి. అదమొద్దు. సంచిని సగానికి కోసి రెండు ముక్కలకూ మట్టి వేసే పద్ధతి కూడా ఉంది, గొడుగులు వచ్చే చోటు పెరుగుతుంది, కానీ అంచుకు పట్టీలు చుట్టాలి, పని ఎక్కువ. మొదటిసారి వద్దులెండి.

8. ఇక నీళ్ళు, గాలి, వెలుతురు. ఇప్పుడు చీకటి అవసరం లేదు. గదిలో పేపరు చదువుకునేంత వెలుతురు రావాలి, ఎండ మాత్రం తగలకూడదు. నేల మీద ఇసుక పోసి తడపండి, కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టండి. మీటర్లో తేమ 80 నుంచి 90 శాతం ఉండాలి. మంగళగిరి, తాడేపల్లి వైపు పడమటి వడగాలి తగిలే ఇళ్ళలో మేలో రోజుకు నాలుగైదుసార్లు పట్టాలు తడపాల్సి వస్తుంది. వానాకాలంలో రెండుసార్లు చాలు. మట్టి మీద పొగమంచులా స్ప్రే చేయండి, మగ్గుతో పోస్తే నీరు మట్టి దాటి గడ్డిలోకి దిగి కింద కుళ్ళుతుంది. వేలితో తాకితే మట్టి చెమ్మగా ఉండి, వేలికి అంటకుండా ఉంటే సరైన తడి.

మట్టి కప్పిన ఎనిమిది, పది రోజులకు పైన గుండుసూది తలకాయల్లా తెల్లటి మొగ్గలు లేస్తాయి. అప్పటి నుంచి వాటి మీద నేరుగా నీళ్ళు కొట్టకండి, చుట్టూ గాల్లోకి కొట్టండి.

మొగ్గల దశలో వచ్చే ఫిర్యాదులు రెండే. ఒకటి, మొగ్గలు పసుపుబారి ముడుచుకుపోవడం. పొడిగాలి తగిలినా అలా అవుతుంది, మీదే నీళ్ళు కొట్టినా అవుతుంది, మీరు చేసింది ఏదో మీకే తెలుస్తుంది. రెండోది, కాడ జానెడు పొడుగు సాగి తల మాత్రం బొత్తాం అంత ఉండటం. అది గాలి చాలక. తేమ పోతుందేమోనన్న టెన్షన్‌తో గది మొత్తం బిగించేస్తారు. పొద్దున, సాయంత్రం అరగంట కిటికీ తెరవండి, ఆ తర్వాత పట్టాలు తడపండి. వెలుతురు మరీ తక్కువైనా కాడ సాగుతుంది. చిన్న నల్ల ఈగలు ముసిరితే కిటికీకి దోమల వల కొట్టి, పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీయండి. మందు కొట్టడం మాత్రం వద్దు.

9. కోయండి. మొగ్గ కనిపించిన వారానికి తల ఏడెనిమిది సెంటీమీటర్లకు వస్తుంది. తల అంచు ఇంకా కిందికి వంగి ఉన్నప్పుడే తీయాలి. గొడుగు పూర్తిగా చదునుగా విచ్చుకున్నాక తీస్తే నార పడుతుంది, రుచీ తగ్గుతుంది. పొద్దున్నే, నీళ్ళు కొట్టకముందు, కాడ మొదట్లో పట్టుకుని మెలితిప్పి లాగండి. కత్తితో కోసి మొదలు వదిలేస్తే అది కుళ్ళి ఈగలు చేరతాయి. ఊడి వచ్చిన గుంటలో ఆవిరి పట్టిన మట్టి కొంచెం పూడ్చండి, అందుకే మట్టి ఒక కిలో దాచుకోవాలి. వారం పది రోజులకు రెండో కాపు, తర్వాత మూడో కాపు. మూడో దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

కడక్కుండా, మట్టి అంటిన మొదలు మాత్రం తీసేసి, కాగితం సంచిలో ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు చెక్కుచెదరవు. గాలాడని కవరులో పెడితే చెమటపట్టి జిగురొస్తాయి. వండేటప్పుడు బటన్ కంటే కొంచెం ఎక్కువ సేపు ఉడకాలి, పచ్చిగా తినొద్దు. మొదటిసారి తినేవాళ్ళు కొంచెమే తిని చూడండి.

బాగా పండిందో లేదో ఎలా తెలుసుకోవాలి

అన్ని కాపులూ తూచి, వేసిన ఎండు గడ్డి బరువుతో పోల్చండి. 7 కిలోల గడ్డికి నాలుగు కిలోలు తాజా పుట్టగొడుగులు వస్తే మొదటిసారికి మంచి పంటే. ఆరేడు కిలోలు తీశారంటే మీరే నాకు నేర్పాలి. రెండు కిలోల దగ్గర ఆగిపోతే సంచులవారీగా చూడండి: అన్నీ కొంచెం కొంచెం ఇచ్చాయా, లేక సగం పోయి సగం బాగా ఇచ్చాయా? అన్నీ తక్కువ ఇస్తే తేమ, గాలి చూసుకోవాలి. సగం పోతే గడ్డి ఉడకడం, ఆరడం చూసుకోవాలి.

రకాన్ని మెరుగు చేసుకోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. రెండు చోట్ల నుంచి విత్తనం తెచ్చి, ఒకే గడ్డితో, ఒకే రోజు, చెరో ఐదు సంచులు వేయండి. సంచి మీద గుర్తు పెట్టండి. ఏది ముందు మొగ్గ వేసింది, ఏది ఎక్కువ తూగింది రాసుకోండి. రెండు సీజన్లలో మీ గదికి ఏది సరిపోతుందో తేలిపోతుంది. మంచి గొడుగు లోపలి కండ తీసి బంగాళదుంప అగార్ (బూజు పెంచడానికి వాడే జెల్లీ) మీద పెంచి విత్తనం తయారు చేసుకోవచ్చు, కానీ దానికి ప్రెషర్ కుక్కర్‌లో శుద్ధి చేయడం, గాలి కదలని పెట్టెలో పనిచేయడం చేతికి రావాలి. అదీ తరం తర్వాత తరం అలాగే పెంచుకుంటూ పోతే బలం తగ్గుతుంది. కాపు అయిపోయిన సంచిలో గడ్డి తీసి కొత్త సంచుల్లో విత్తనంగా కలపడం మాత్రం చేయకండి. ఖర్చు కలిసొస్తుందని నేనూ ఒకసారి చేశాను, కొత్త సంచులన్నిటికీ పచ్చ బూజు దిగుమతి చేసుకున్నాను.

ఆత్రం ఎక్కువ ఉన్నవాళ్ళు వరిగడ్డి పుట్టగొడుగు వేసుకోవచ్చు. వానలు పడ్డాక పాత గడ్డివాము మొదట్లో కోడిగుడ్ల ఆకారంలో బూడిదరంగు మొగ్గలు వస్తుంటాయి చూడండి, అదే జాతి. దొరికినవి కోసుకు తినమని కాదు, విత్తనం కొని వేయమని. వేడికి బాగా తట్టుకుంటుంది, రెండు వారాల్లో కాపుకొస్తుంది. చిక్కల్లా నిల్వ దగ్గరే. గుడ్డు దశలోనే కోసి ఆ పూటే వండాలి, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా నీరుకారి పోతుంది. ఇంటివరకైతే బాగుంటుంది, అమ్మకానికి తలనొప్పి.

మూడో కాపు అయ్యాక సంచులు గదిలో ఒక్కరోజు కూడా ఉంచొద్దు. పాలిథీన్ తీసేసి గడ్డిని పెరట్లో ఎరువు గుంటలో, గదికి దూరంగా వేయండి. గదిని బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, నేల మీది ఇసుక మార్చి, వారం ఎండనిచ్చి మళ్ళీ మొదలుపెట్టండి.